ఐదు సిట్టింగుల అదృష్టం

"తువ్వాలు వేసినంత మాత్రాన సీటు మీదైపోతుందా?"

ఆమె నాతో అన్న మొదటి మాట అది. రేడియేషన్ హాల్లో చేతులున్న కుర్చీ ఒక్కటే ఉంది. దాని మీద తువ్వాలు వేసి టోకెన్ తెచ్చుకునేసరికి, ఆ తువ్వాలు మడతపెట్టి పక్కన పెట్టి ఆమె దర్జాగా కూర్చుంది.

"మా బస్సులో అంతేనండీ. నేను డ్రైవర్ని."

"మా క్లాసులో ముందొచ్చినవాళ్లదే చోటు. నేను లెక్కల టీచర్ని."

పక్కనున్న లాయర్ గారు ఫక్కున నవ్వారు. ఆయన కేసు ఓడిపోయినప్పుడు ఎదుటి పక్షం వాళ్లు కూడా అంత గట్టిగా నవ్వి ఉండరు. నేను బల్ల చివర సర్దుకున్నాను.

ఆ హాల్లో జబ్బు ఎక్కడ అని ఎవరూ ఎవరినీ అడగరు. ఎన్ని సిట్టింగులు అని మాత్రం అడుగుతారు. నాకు గొంతులో గడ్డ. "ఒకరి కొలతలతో ఇంకొకరికి చొక్కా కుట్టం కదా, మీ ప్లాన్ మీదే" అని చెప్పి డాక్టర్ గారు, మెషిన్ కింద తల కదలకుండా నా ముఖానికి అచ్చుపోసి మాస్క్ చేయించారు.

"నాకు ముప్పై మూడు. మీకు?"

"ఐదు."

"ఐదేనా! ఎవరి రికమెండేషనండీ?"

"పైనుంచి," అంది వేలు సీలింగ్ వైపు చూపిస్తూ. పై అంతస్తులో డైరెక్టర్ గారి గది ఉంది. నిజమే కాబోలు అనుకున్నాను.

మర్నాటి నుంచి ఆ కుర్చీ ఖాళీగా ఉన్నా నేను కూర్చోలేదు. ఆమె వచ్చేది. ఓరగా చూసేది. "త్యాగమా?" అనేది. "రిజర్వేషన్" అనేవాణ్ణి.

ఐదో రోజు ఆమె ఆఖరి సిట్టింగ్. నాకు కడుపు మండింది. "మీరు అదృష్టవంతులండీ టీచర్ గారూ! నేను ఇంకా ఒకటో తరగతిలోనే ఉన్నా, మీరు పాసైపోయారు. పార్టీ ఇవ్వాల్సిందే."

ఆమె నా ముఖంలోకి చూసి, కళ్లలో నీళ్లు తిరిగేంతగా నవ్వింది. ఫోన్ నంబరు ఇచ్చింది.

మూడు వారాలు ఫోన్లోనే గడిచిపోయాయి. నా గొంతు రోజురోజుకీ పుండైపోతోంది. మింగితే మంట, మాట్లాడితే మంట. అయినా ఆమె ఫోన్ చేస్తే ఎత్తకుండా ఉండలేను. "మీ గొంతు ఇప్పుడు మీ బస్సు హారన్‌లా ఉంది," అనేది. "పార్టీ ఏదీ?" అంటే మాట మార్చేది.

ఇరవయ్యో సిట్టింగ్ రోజు మాస్క్ బిగిస్తుంటే ఓపిక చచ్చిపోయింది. మెషిన్ దగ్గరుండే అక్కతో విసుక్కున్నాను. "ఆ టీచర్ గారికి ఇచ్చినట్టు నాకూ ఐదే పెట్టొచ్చుగా అక్కా?"

ఆమె చేతులు ఆగాయి. "అలా కోరుకోకు తమ్ముడూ."

"ఏం?"

"నీకు జబ్బు తగ్గించడానికి ఇస్తున్నాం. కొందరికి, వెన్నులోకి పాకేశాక, నొప్పి తగ్గడానికే ఇస్తాం. అంతకు మించి చెయ్యలేం."

నన్ను ఆ గదిలో వదిలి తలుపు వేసుకుంది. కదలకూడదు. కదలలేదు. మాస్క్ లోపల ఏడవడానికి కూడా చోటు లేదు.

అక్కణ్ణుంచి, ఫోన్లో మాటల మధ్య చెప్పిన గుర్తులు పట్టుకుని నేరుగా ఆమె ఇంటికి వెళ్లాను. వాళ్లన్నయ్య తలుపు తీశాడు. ఆమె మంచం మీద దిండ్లకు ఆనుకుని పేపర్లు దిద్దుతోంది.

"ఎవరు చెప్పారు?" అంది నా ముఖం చూడగానే.

"వెన్నులో అంత నొప్పి పెట్టుకుని... నేను అదృష్టం అని వాగుతుంటే ఒక్క మాట అనలేదేం?"

"ఎందుకనాలి? నన్ను చూసి అందరూ అయ్యో అనేవాళ్లే. కుళ్లుకున్న మనిషి మీరొక్కరే. ఆ రోజు ఎంత బావుందో మీకేం తెలుసు!"

మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. "మనం పెళ్లి చేసుకుందాం" అన్నాను.

వాళ్లన్నయ్య మండిపడ్డాడు. "బుద్ధుందా? నీకే దిక్కులేదు, దీన్నేం చేసుకుంటావ్? జాలా?"

"జాలైతే ఫోన్లో చెప్పేవాణ్ణండీ. ఈ గొంతుతో ఇంతదూరం రాను."

ఆమె నవ్వలేదు. "నాకు మీరంటే ఇష్టం. అందుకే వద్దంటున్నా. మూణ్ణెల్లకి భార్య పోయినవాడని మిమ్మల్ని అందరూ వేలెత్తి చూపిస్తే నేను భరించలేను. పెళ్లి మాట మళ్లీ ఎత్తకండి. సాయంత్రాలు మాత్రం రండి."

వెళ్లాను. ప్రతి సాయంత్రం. ఆ ఐదు సిట్టింగుల పుణ్యమా అని రెండు నెలలు ఆమె నడవగలిగింది. ఒకరోజు వాన పట్టుకుంటే వీధి చివరి దాకా తడుస్తూ నడిచాం. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వెనకాల వాళ్లన్నయ్య గొడుగు పట్టుకుని నన్ను తిడుతూ వచ్చాడు. నన్నెప్పుడూ "ఏమయ్యా డ్రైవర్" అనే పిలిచేవాడు. నేను లేచేదాకా గుమ్మంలోనే నిలబడేవాడు.

మూడో నెలలో నొప్పి తిరగబెట్టింది. నడక పోయింది. తర్వాత మాట తగ్గింది. ఆ వారమే నా స్కాన్.

"మొత్తం క్లియర్. గడ్డ ఆనవాలు కూడా లేదు," అన్నారు డాక్టర్ గారు చెయ్యి కలుపుతూ. కారిడార్‌లోకి పరుగున వచ్చి ఆమెకు ఫోన్ చేశాను. వాళ్లన్నయ్య ఎత్తాడు.

"బావా," అన్నాడు.

ఆ పిలుపుతోనే నాకు అర్థమైపోయింది.

"పొద్దుట్నుంచి ఒకటే అడిగింది బావా, నీ రిపోర్ట్ ఏమైందని. ఇప్పుడే... ఇంతకీ ఏమైంది?"

"క్లియరట," అన్నాను.

"మంచిది," అన్నాడు ఏడుస్తూ. "తొందరగా రా."