గోడ మూడుసార్లు పిలిచింది

ఆ ఉదయం వార్డు మందిరంలో కూర్పుపలక ముందు పదిమంది వరస కట్టి నిలబడ్డారు. గోడంత పలక, దాని నిండా రంగురంగుల సేవాబిళ్లలు. మంచినీళ్లకొకటి, తలుపు తాళాలకొకటి, చెత్తబండ్లకొకటి. ఒక్కో బిళ్లనూ ఎక్కడో ఎవరో తయారుచేసి పంపారు. లోపల ఏముందో ఇక్కడెవరికీ తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. రెండు బిళ్లల మధ్య వేలితో గీత గీస్తే చాలు, అవి తమలో తాము మాట్లాడుకుని పని మొదలుపెట్టేవి. కొత్తరేవు పట్టణం పదిహేనేళ్లుగా ఆ గీతల మీదే నడుస్తోంది.

సత్యవేణి వరసలో నిలబడలేదు. నేరుగా ముందుకెళ్లి, గీతలు గీసే కూర్పరి ఉమాపతి చేతిని పలక మీద నుంచి పక్కకు నెట్టేసింది.

“మా అన్నయ్య ఇంటికి తాళం ఎవరేశారు, బాబూ?”

కూర్చోమన్నాడు ఉమాపతి. ఆమె కూర్చోలేదు.

ఆమె అన్న భాస్కరానికి పుట్టుకతోనే చెవుడు, మాట లేదు. బట్టల మీద కుట్టుపని చేసుకుని బతుకుతున్నాడు. చదువు రాలేదు కనుక, మూడేళ్ల కిందట భార్య రత్నం పోయాక, ఆమె గురించి గుర్తున్నదంతా బొంతల మీద కుట్టడం మొదలుపెట్టాడు. రత్నం చేపలు తోముతున్నట్టు, గొడుగు పట్టుకుని నవ్వుతున్నట్టు, ఆసుపత్రి మంచం మీద చెయ్యి చాపినట్టు. మొత్తం పదకొండు బొంతలు. మొన్న దారం కొనడానికి బజారుకెళ్లి వచ్చేసరికి ఆయన తలుపు తెరుచుకోలేదు. కిటికీలోంచి చూస్తే ఇంట్లో ఒక్క వస్తువు లేదు.

ఉమాపతి ఆ ఇంటి కూర్పును పలక మీదికి తెచ్చి, తగ్గు గొంతుతో వివరించాడు. ప్రతి ఇంటి గోడలోనూ ఒక ఆలకిణి ఉంటుంది. ముసలివాళ్లు జారిపడి కేకేస్తే వినడానికి పెట్టింది. దాన్ని ఈమధ్యే ఎవరో ఖాళీ ఇళ్ల సేవకు కలిపారు. నెల రోజులు మనిషి గొంతు వినబడకపోతే అది ఖాళీ ఇల్లు. అక్కడి నుంచి తాళానికి ఒక గీత, తాళం నుంచి సామాన్ల బండికి ఇంకొకటి.

“ఆయన రోజూ తలుపు తీసుకుని వస్తూ పోతూనే ఉన్నాడు కదా,” అంది సత్యవేణి.

“తాళం బిళ్లకి ఆ సంగతి తెలుసండి. కానీ అటునుంచి ఖాళీ ఇళ్ల సేవకు గీత లేదు.”

“ముందు చెప్పాలా అక్కర్లేదా?”

“గోడ మూడుసార్లు పిలిచిందండి. లోపల్నుంచి ఎవరూ పలకలేదు.”

సత్యవేణికి ఒళ్లు మండిపోయింది. వరసలో ఉన్నవాళ్లు తలలు దించుకున్నారు. బొంతలేమయ్యాయని అడిగింది. పాతబట్టలన్నీ నూలు మరకు పోయాయి, నిన్న సాయంత్రానికే పీచయిపోయాయన్నాడు. ఈ గీతలు గీసిందెవరని అడిగింది. కూర్పు వేరే ఊరి నుంచి వచ్చింది, వందల వార్డులు ఉన్నదున్నట్టు దించుకున్నాయట.

“బండి నుంచి నూలు మరకి వెళ్లే ఆఖరి గీత మాత్రం నాదేనండి,” అన్నాడు ఉమాపతి. “బట్టలు వృథాగా పోతున్నాయని గీశాను.”

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి ఆమె కోపం తగ్గలేదు, రెట్టింపయింది. ఏడవాల్సినవాడు ఇతను కాదు.

అతను ఒక గీత చెరిపాడు. వీధి చివర ఎక్కడో భాస్కరం తలుపు తెరుచుకుంది. ఆలకిణిని తీసేయమంటే మాత్రం, అది తన చేతిలో లేదన్నాడు. దానికి బదులుగా, ఆలకిణికి మనిషి గొంతు వినబడేలా మర్నాడు ఒక పలుకుపెట్టెను పంపించి భాస్కరం ఇంటి గోడకు బిగించారు.

నాలుగో రోజు సత్యవేణి అన్నకు వంట సామాన్లు తీసుకుని వెళ్లింది. గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల ఎవరో ఆడమనిషి తీయగా మాట్లాడుతోంది.

“భోంచేశావా? ఇవాళ ఎండ ఎక్కువగా ఉంది కదూ?”

భాస్కరం కొత్త గుడ్డ ఒళ్లో పరుచుకుని, సూది పట్టుకుని, ఆ గుడ్డ వైపే చూస్తున్నాడు. రత్నం ముఖం ఎక్కడ మొదలుపెట్టాలో తోచక కాబోలు, ఒక్క కుట్టు కూడా పడలేదు. ఆ గొంతు ఆయన్ను మళ్లీ అడిగింది, భోంచేశావా అని.

సత్యవేణి సంచీ కింద పడేసి, ఆ పెట్టెను గోడ నుంచి రెండు చేతులతో ఊడబెరికింది. వేళ్లు చీరుకుపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది, ఇక ఈ ఇల్లు మళ్లీ నిశ్శబ్దమైపోతుందని. నెల తిరిగితే మళ్లీ తాళమని.

ఆమె గోడ ముందు నిలబడి తిట్టడం మొదలుపెట్టింది. బిళ్లలు చేసినవాళ్లను, గీతలు గీసినవాళ్లను, దించుకున్నవాళ్లను, పిలిచానని చెప్పుకునే గోడను, నోటికొచ్చినట్టు తిట్టింది. ఆ తిట్లకే ఇంట్లో మనిషి ఉన్నట్టు ఆలకిణి రాసుకుంది.

భాస్కరం లేచి వచ్చాడు. ఆమె ముఖం చూసి, చేత్తో అడిగాడు, ఎవరి మీద కోపం అని.

ఎవరిని చూపించాలో ఆమెకు తెలియలేదు. చివరికి గోడను చూపించింది. ఆయన గోడ దగ్గరికెళ్లి అరచేత్తో తడిమాడు, వేలితో తట్టాడు. అక్కడేమీ కనబడలేదు. చెల్లెలి వైపు భయంగా, జాలిగా చూసి, ఆమె చేతి రక్తం తుడిచి, గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి అందించాడు.

సత్యవేణి తాగింది. మళ్లీ గోడ వైపు తిరిగింది.