నాన్న సమాధి తవ్వే రోజు హోటల్లో

ఆదివారం పొద్దున్న కాఫీ పొంగి పొయ్యి మీద పడిందంటే ఓర్నెల్లాకి ఆ రోజంతా చిరాకే. ఆ ఆదివారం కాఫీ పొంగలేదు గానీ, అమ్మకి తల దువ్వి ముడి వేస్తుండగానే తమ్ముడు లోరిస్, వాడి పెళ్ళాం సబీనా కేకుల పెట్టె పట్టుకుని దిగారు. ఓర్నెల్లా లెక్కలో దానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

ఓర్నెల్లా పెళ్ళి చేసుకోలేదు. త్రెవీజోలో కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. నాన్న తుల్లియో పోయాక, సొంత ఊరు బెల్లూనోలో ఇల్లు ఖాళీ చేసి అమ్మ ఎల్దాని తన దగ్గరికి తెచ్చుకుంది. ఆ కొండల ఊరితో వాళ్ళకిప్పుడు మిగిలింది నాన్న సమాధి ఒక్కటే. దానికీ ఇప్పుడు గడువు తీరింది.

మట్టిలో పడుకున్నవాళ్ళకి కూడా గడువుంటుంది మరి. జాగా తక్కువ, పోయేవాళ్ళు ఎక్కువ. ఏళ్ళు నిండగానే మునిసిపాలిటీ వాళ్ళు తవ్వి, మిగిలిన ఎముకల్ని చిన్న రేకు పెట్టెలో సర్ది గోడగూట్లో పెట్టి మూసేస్తారు. ఈసారి తుల్లియో వంతు. నవంబరులో ఒక శుక్రవారం, పొద్దున ఎనిమిదింటికి. ఇష్టమున్న ఇంటివాళ్ళు వచ్చి దగ్గరుండొచ్చు. ఓర్నెల్లాకి అందులో ఇష్టాయిష్టాల ప్రశ్నే లేదు. పెద్ద కూతురు. నల్ల కోటు అప్పుడే ఉతికించి ఇస్త్రీ చేయించి పెట్టుకుంది.

"వదినా, హోటల్ దొరికింది!" అంది సబీనా, కోటు కూడా విప్పకుండా.

"హోటలెందుకు? పొద్దున్నే కారెక్కితే గంటంబావులో ఉంటాం. పని చూసుకుని మధ్యాహ్నానికి ఇంటికొస్తాం."

"అంత చలిలో, చీకట్లో లేచి పరుగులెందుకు చెప్పు? గురువారమే వెళ్ళి హాయిగా రెండు రాత్రులుందాం. ఇదిగో, కొండవైపు గది. కిటికీ తీస్తే స్కియారా కొండ ఎదురుగా."

ఫోన్ని కేకుల పెట్టె పక్కన పెట్టి, ఎర్రరంగు గోళ్ళతో ఒక్కో బొమ్మా జరపసాగింది. వేళ్ళకి పంచదార పొడి. అది ఫోనుకి అంటుకుంది. ఓర్నెల్లాకి ఆ వేళ్ళు చూస్తేనే రోత పుట్టింది. బొమ్మల్లో తెల్ల తువ్వాలు అంగీలు వేసుకుని నవ్వుతున్న మొగుడూ పెళ్ళాలు. ఆవిరి గది. నీలంగా మెరుస్తున్న ఈతకొలను.

"ఈతకొలను," అంది ఓర్నెల్లా నెమ్మదిగా.

"లోపలే ఉంది వదినా, చలి తగలదు. పైగా పొద్దున ఫలహారం పదిన్నర దాకా పెడతారట. రాత్రి భోజనం కూడా కలిపే. బీట్రూట్ కూరిన కజున్సియేయి పాస్తా, గసగసాలు చల్లి. లోరిస్‌కి ప్రాణం కదా."

"అబ్బ, వెన్న కూడా కాచి పోస్తారు," అన్నాడు లోరిస్, నోట్లో కేకు పెట్టుకునే. పళ్ళ సందులో ఏదో ఇరుక్కుంటే నాలుకతో తీసుకుంటూ చప్పరించాడు.

ఛీ, వీడు నాన్న కొడుకేనా అనుకుంది ఓర్నెల్లా. అక్కడ నాన్నని పారతో పైకి తీస్తుంటే వీడిక్కడ వెన్న గురించి లొట్టలేస్తున్నాడు! కప్పులు కడగాలనే వంకతో సింకు దగ్గరికి వెళ్ళి నీళ్ళు గట్టిగా వదిలింది. ఆ చప్పుడులోనూ సబీనా గొంతు వినబడుతూనే ఉంది. మర్దన చేయించుకుంటే ఒకరికి ఒకరు ఉచితమట. గది వద్దనుకుంటే ముందురోజు దాకా డబ్బు వాపసట. ఊరు మొత్తంలో ఇంత శుభ్రమైన చోటు లేదట. బెల్లూనోలో పుట్టి పెరిగినదానికి బెల్లూనోలో హోటల్ గురించి ఈవిడ చెప్తోంది!

"శ్మశానానికి ఎంత దూరం ఆ హోటల్?" అని అడిగింది వెనక్కి తిరక్కుండానే.

సబీనా ఒక్క క్షణం ఆగింది. "కాస్త దూరమే. నది అవతల. దగ్గర్లో ఉన్నవేవీ బాగాలేవు వదినా."

"బాగాలేవా? లేక ఆవిరి గదులు లేవా?"

"అక్కా, పొద్దున్నే మొదలెట్టకు," అన్నాడు లోరిస్. "ఎలాగూ వెళ్తున్నాం కదా. కాస్త అందరం కలిసి కూర్చున్నట్టుంటుంది. అమ్మకీ మార్పు."

"అమ్మకి మార్పా! మొగుడి ఎముకలు ఏరుతుంటే చూడ్డం మార్పారా?"

ముడిలో పిన్ను సరిచేసుకుంటూ అప్పటిదాకా కిటికీలోంచి చూస్తున్న ఎల్దా ఇటు తిరిగింది. ఎనభై దాటిన మనిషి. గొంతు మాత్రం ఇంకా గట్టిదే.

"ఆ కొలనులో నీళ్ళు వేడిగా ఉంటాయా సబీనా?"

ఓర్నెల్లా చేతిలో కప్పు జారి సింకులో పడింది. పగల్లేదు గానీ పిడి ఊడింది.

"గోరువెచ్చగా ఉంటాయి అత్తయ్యా. మోకాళ్ళకి మంచిది."

"అయితే నాకో జత ఈత బట్టలు కొనిపెట్టు. నల్లవి."

అంతే. ఓర్నెల్లా నీళ్ళు కట్టేసి, తడిచేతులతోనే బల్ల దగ్గరికొచ్చింది. ఆ ఫోన్ తీసి బొమ్మ కిందకి ఉండేలా బోర్లా పడేసింది.

"మీకు సిగ్గు లేదా? ఒక్కరికైనా? పెళ్ళికెళ్తున్నామా మనం? ఆయన మనకి ఏమీ కాడా? రైల్వేలో ఆ మంచులో, రాత్రనకా పగలనకా చాకిరీ చేసి మనల్ని పెంచాడు. ఆయన్ని చివరిసారి చూడ్డానికి ఫలహారం పదిన్నర దాకా ఉందా లేదా అని చూసుకుని వెళ్ళాలా? ఈ రోత నేను చూడలేను. నువ్వు సరే లోరిస్, నీకు తిండి కనిపిస్తే ఇంకేం కనిపించదు. చిన్నప్పట్నుంచీ అంతే. నువ్వు సబీనా, నీకాయన మామగారు మాత్రమే, నీకేం పట్టింది. కానీ అమ్మా, నువ్వా? నల్ల ఈత బట్టలా? మొగుడికి నువ్వు పాటించే సంతాపం ఇదేనా?"

సబీనా మొహం జేవురించింది. నోరు తెరిచి, అత్తగారి వైపు చూసి, మళ్ళీ మూసుకుంది. ఆ చూపు ఓర్నెల్లా కంట పడింది. అది పట్టుబడ్డ మనిషి చూపులా లేదు. ఏదో దాచిపెడతానని మాటిచ్చి, ఇక దాచలేక అవస్థ పడుతున్న మనిషి చూపు.

"చెప్పు, చెప్పు. ఏంటి, ఇంకా ఏం మిగిలింది? నాట్యం కూడా ఉందా?"

"దాన్నేమీ అనకు," అంది ఎల్దా. "హోటల్ ఏర్పాటు చేయించింది నేనే."

"ఏంటీ?"

"నేనే చెప్పాను దానికి. నది అవతల చూడమన్నాను. పొద్దున చాలాసేపటి దాకా ఫలహారం పెట్టే చోటు చూడమన్నాను. నిన్ను ఎలాగైనా గురువారమే కారెక్కించమన్నాను. ఆవిరి గదీ, మర్దనా, ఆ సంబరమంతా నీకు అనుమానం రాకుండా అది పడిన తంటాలు. వదిన తిడుతుంది, పడతావా అని అడిగాను. పడతానంది."

లోరిస్ నమలడం ఆపేశాడు. వాడికీ ఈ సంగతి తెలీదని మొహంలోనే తెలిసిపోయింది.

"అంటే... శుక్రవారం పొద్దున నన్ను అక్కడికి వెళ్ళనివ్వకూడదని?" అంది ఓర్నెల్లా. "ఎందుకమ్మా? నేను నాన్నకి పెద్ద కూతుర్ని."

"అందుకే."

ఎల్దా కుర్చీ పక్కకి లాగి చూపించింది. ఓర్నెల్లా కూర్చోలేదు. అమ్మ ఇక బతిమాలలేదు. అలాగే చెప్పడం మొదలుపెట్టింది.

"మా అమ్మని సమాధిలోంచి తీసినప్పుడు నేనూ పెద్ద కూతుర్నే. నువ్వు అప్పుడు నా కడుపులో ఉన్నావు. కడుపుతో ఉన్నదాన్ని పంపొద్దని మీ నాన్న అన్నాడు. మా పిన్ని వినలేదు. పెద్ద కూతురు నిలబడకపోతే పైలోకంలో అమ్మ బాధపడుతుందంది. నల్ల కోటు వేసుకుని నిలబడ్డాను. పెట్టె మూత తీశారు. అక్కడి మట్టి తడి మట్టి ఓర్నెల్లా, అందులో మనిషి తొందరగా కరగడు. ఎముకలే ఉంటాయనుకున్నాను. కానీ ఉన్నవి ఎముకలొక్కటే కాదు."

"అమ్మా, వద్దు," అన్నాడు లోరిస్.

"నువ్వు అవతలికెళ్ళరా వినలేకపోతే. ఇది వినాలి. జుట్టు అలాగే ఉంది. దువ్విన జుట్టు. కింద మొహం... దాని గురించి చెప్పను. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, మీ నాన్నకి కూడా. ఒక్కటి మాత్రం చెప్తాను. ఆ రోజు నుంచి మా అమ్మ మొహం నాకు గుర్తు రాదు. అమ్మా అని కళ్ళు మూసుకున్నానంటే అదే వస్తుంది. నాకు అన్నం పెట్టిన మొహం, నన్ను కొట్టిన మొహం, నవ్విన మొహం, అన్నిటి మీదా అది వచ్చి కూర్చుంది. ఫోటో చూస్తే ఎవరో పరాయిదాన్ని చూసినట్టుంటుంది. ప్రార్థన చేసుకుందామన్నా కడుపులో దేవుతుంది. సొంత తల్లిని తల్చుకుంటే వాంతి వచ్చే బతుకు బతికాను నేను."

ఓర్నెల్లా కుర్చీలో కూలబడింది.

"మరి నాకు చెప్పొచ్చు కదమ్మా. ఈ నాటకమంతా ఎందుకు?"

"చెప్తే నువ్వు నన్ను ఇంట్లో కూర్చోబెట్టి ఒక్కదానివీ వెళ్తావు. అమ్మ బదులు నేను భరిస్తానంటావు. నాకు తెలీదా నీ సంగతి? వెళ్ళొచ్చి, నా ఎదురుగా ఈ కుర్చీలోనే కూర్చుని సూప్ తాగుతావు. నేను నీ మొహం చూస్తాను. ఏం చూసొచ్చావో అందులో కనబడుతుంది. మీ నాన్న మొహం ఇంకా నా దగ్గర పదిలంగా ఉంది ఓర్నెల్లా. రోజూ పొద్దున లేచి చూసుకుంటున్నాను. నా దగ్గర ఉన్నది అదొక్కటే. దాన్ని పాడుచెయ్యకు. నీది నువ్వు పాడుచేసుకోకు."

"అక్కడ నాన్న దగ్గర ఎవరూ ఉండరా మరి? అనాథలా?" ఆ మాట అంటూనే ఓర్నెల్లా ఏడ్చేసింది. నాన్న పోయినప్పుడు కూడా ఇంతలా ఏడవలేదు. అప్పుడు పనులెక్కువ.

"ఆయన అక్కడ లేడే పిచ్చిదానా," అంది ఎల్దా. ఆవిడ కళ్ళు కూడా తడయ్యాయి. "అక్కడున్నది మునిసిపాలిటీ వాళ్ళ పని. పెట్టె మూసి గూట్లో పెట్టాక, మధ్యాహ్నం అందరం వెళ్దాం. పూలు పెడదాం. అప్పుడు నీ నల్ల కోటు వేసుకో."

ఓర్నెల్లా ముక్కు తుడుచుకుని సబీనా వైపు తిరిగింది. ఇందాక తనన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొస్తుంటే ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది. పంచదార అంటిన ఆ వేళ్ళని చేతుల్లోకి తీసుకుంది.

"నన్ను క్షమించు సబీనా. నోటికెంత వస్తే అంత అనేశాను."

"పర్లేదు వదినా. తిట్లు ముందే ఒప్పుకున్నాను కదా," అని నవ్వబోయి సబీనా కూడా ఏడ్చింది. "కానీ ఆవిరి గది నిజంగానే బావుంటుంది."

"ముయ్," అంది ఓర్నెల్లా, ఏడుపులోనే నవ్వొచ్చి. "నాకు వేరే గది వద్దు, అమ్మ గదిలోనే నాకో మంచం వేయించు."

శుక్రవారం పొద్దున బెల్లూనోలో మంచు కురవలేదు గానీ కొండ సగం దాకా తెల్లబడి ఉంది. హోటల్ భోజనశాలలో కిటికీ పక్క బల్ల దగ్గర నలుగురూ కూర్చున్నారు. ఓర్నెల్లా రాత్రంతా నిద్రపోలేదు. ముందు రొట్టె ఉంది, ముట్టుకోలేదు. లోరిస్ కూడా తినకుండా కూర్చున్నాడు. నది అవతల నుంచి గంటలు వినబడ్డాయి. ఎనిమిది.

ఓర్నెల్లా కుర్చీలోంచి సగం లేచింది. లేవాలని కాదు, కాళ్ళు వాటంతటవే లేచాయి. ఎల్దా ఆమె చెయ్యి పట్టుకుని బల్ల మీద పెట్టి, దాని మీద తన చెయ్యి వేసి నొక్కిపట్టింది.

"ఇప్పుడు చెప్పండి," అంది. "మీ నాన్న మొహం ఎలా ఉండేది? ఒక్కొక్కరూ చెప్పండి."

ముందు లోరిస్ చెప్పాడు. "మీసం. సిగరెట్టు వైపు పసుపుగా ఉండేది. ముద్దు పెడితే గుచ్చుకునేది."

"చెవులు పెద్దవి," అంది సబీనా భయంభయంగా. "నేను మొదటిసారి మీ ఇంటికొచ్చినప్పుడు, తప్పుగా అనుకోకండి, ఆ చెవులు చూసి పారిపోదామనుకున్నాను."

ఎల్దా పకపకా నవ్వింది. పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. "చూడనీ. ఊళ్ళో అందరూ నవ్వేవాళ్ళు ఆ చెవులకి. నువ్వు చెప్పు ఓర్నెల్లా."

ఓర్నెల్లా కళ్ళు మూసుకుంది. భయం వేసింది, ఏం కనబడుతుందో అని. నది అవతల ఈపాటికి పారలు దిగి ఉంటాయి. చీకట్లోంచి మెల్లిగా నాన్న వచ్చాడు. బండి దిగి ఇంటికొచ్చినప్పుడు ఉండే మొహం. చలికి ఎర్రబడి, అలిసిపోయి, తనని చూడగానే ఒక పక్కకి వంగే నోరు.

"నవ్వితే నోరు కుడివైపుకి పోయేది," అంది.

"ఎడమవైపుకి," అంది ఎల్దా. "నీకు ఎదురుగా ఉండేవాడు కాబట్టి కుడి అనుకున్నావు. నేనెప్పుడూ ఆయన పక్కనే నిలబడేదాన్ని."

ఓర్నెల్లా కళ్ళు తెరవలేదు. అమ్మ చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. నాన్న ఇంకా అలాగే నవ్వుతున్నాడు.

"అవునమ్మా," అంది. "ఎడమవైపుకే."