ఐలమ్మ వేళ్లు

జగిత్యాలల ఒక దవాఖాన. మిట్టమధ్యాహ్నం. ఆపరేషన్ గది బయట బల్ల మీద సరిత కూసున్నది. పక్కపొంటి ఎవలో టిఫిన్ విప్పి తొక్కు కలుపుకొని తింటున్నరు.

లోపల ఉన్నది తల్లి ఐలమ్మ. డెబ్బై ఆరేండ్ల మనిషి, గొల్లపల్లిల పొలం పని తప్ప ఇంకో పని ఎరుగది. పొద్దుగాల పొట్ట ఉబ్బి పచ్చగ కక్కుకున్నది. పేగు మెలిపడ్డదన్నడు డాక్టరు. లోపలికి తీస్కపోయేముందే అడిగిండు.

"ఈ వయసుల కోస్తే సగమే ఆశ. కొయ్యకుంటే రేపటిదాక ఆగదు. ఏం జేద్దామమ్మా?"

సరిత సంతకం పెట్టింది. రెండేండ్ల కింద గిదే నొప్పి, గిదే మాట. అప్పుడు మంచం మీదున్నది అత్త నర్సవ్వ. "ఎనభై ఏండ్ల పానం, కొయ్యుడెందుకు సార్, ఇంటికి తోల్కపోత" అని, ఆపరేషన్ వద్దన్న కాయితం మీద గిదే చేత్తోని సంతకం పెట్టింది. దుబాయిల ఉన్న మొగడు నరేశ్ ఫోన్ల "నీ ఇష్టం" అన్నడు. ఆటోల కోరుట్లల ఇంటికి తోల్కపోయింది. తొవ్వపొడుగున నర్సవ్వ కొంగు అంచును బీడీ చుట్టినట్టు చుట్టుకుంట పోయింది. యాభై ఏండ్లు బీడీలు చేసిన వేళ్లాయె, బీడీకి ఎర్రదారం తప్ప కట్టకపోయేది. మూడోనాడు తెల్లారెసరికి ఆ వేళ్లు ఆగినయి.

మూడు గంటలకు ఐలమ్మను గదిలకు తెచ్చిండ్రు. ఆపరేషన్ మంచిగైందన్నరు. సరిత కండ్లళ్ల నీళ్లు దుంకినయి. "గండం గడిచిందే అమ్మా" అనుకుంట కాళ్లు పట్టుకున్నది.

"మత్తుల ఏమన్న మాట్లాడుతది, పట్టిచ్చుకోకక్కా. ముసలోళ్లకు గట్లనే అయితది" అని నర్సు దీవెన తలుపు దగ్గరేసి పోయింది.

కిటికీల నుంచి ఎండ మంచం మీద పడ్డది. డెట్టాలు వాసన. ఫ్యాను కిర్రుకిర్రుమంటున్నది. కొంచెంసేపటికి ఇంకేదో వాసన... తడిపిన తునికాకు. తంబాకు ఘాటు. దవాఖానల బీడీలెవలు చేస్తరు?

తిరిగి చూసింది. తల్లి వేళ్లు కదులుతున్నయి.

దుప్పటి అంచును చుట్టినయి. గోరుతోని మూతి మడిచినయి. లేని దారాన్ని రెండు చుట్లు తిప్పి, తెంపినయి. మళ్లొకటి... మళ్లొకటి...

ఐలమ్మ పుట్టి బుద్ధెరిగి ఒక్క బీడీ చెయ్యలే.

"అమ్మా..."

వేళ్లు ఆగినయి. కండ్లు తెరువలే. పెదవులే కదిలినయి.

"మీ అమ్మకు మంచిగ చేపిచ్చినవ్, కోడలు పిల్లా."

తల్లి ఏనాడైన "బిడ్డా" అనే పిలిచింది. కోడలు పిల్లా అని పిలిచేటిది ఒక్క నర్సవ్వనే, ఆమె కాట్లె బూడిదల కలిసిపాయె.

"నన్నెందుకు ఇంటికి తోల్కపోయినవ్?"

గొంతు తల్లిదే. అడిగిన తీరు తల్లిది కాదు. సరిత మంచం కాళ్ల దిక్కు వంగింది.

"తప్పయింది అత్తా... నీ కాల్మొక్కుత. మా అమ్మను ఇడిసిపెట్టు."

ఐలమ్మ వేళ్లు మళ్ల లేని దారాన్ని తిప్పినయి.

"ఇడిసిపెడితే పోతది..." గుసగుసగ అన్నది. "నేనే పట్టుకున్న."

తెల్లారి డాక్టరు కట్టు విప్పిండు. నల్లదారం కుట్లు వరుసగ ఉన్నయి. నడుమ ఒక్కటి ఎర్రది.

"ఇది నేనెయ్యలేదు" అన్నడు. చిమ్టాతోని కొస పట్టి మెల్లగ గుంజిండు. ఐలమ్మ ఊపిరి ఆగింది. డాక్టరు చెయ్యి తీసిండు. ఊపిరి మళ్ల ఆడింది. ఆయన సరిత మొకం చూడకుంట చేతులు కడుక్కున్నడు.

పది దినాలకు కుట్లన్ని తీసిండ్రు, ఆ ఒక్కటి తప్ప.

ఇప్పుడు ఐలమ్మ కోరుట్లల సరిత కాడనే ఉంటది. బువ్వ తింటది, నవ్వుతది, "బిడ్డా" అనే పిలుస్తది. సరిత ఇంట్ల కత్తెర ఉంచదు. రోజు పొద్దుగాల నర్సవ్వ బీడీలు చేసిన చాటకు దండం పెడుతది.

నిన్న తల్లికి తానం పోస్తుంటే చూసింది. ఎర్రదారం ముడి వదులైంది.