ఎడమకు టిల్లర్ లేన్

లండన్‌లో టాక్సీ నడపాలంటే బండి తోలడం వస్తే చాలదు, ఊరు ఊరంతా తలకెక్కాలి. ఏళ్ల తరబడి మోపెడ్ మీద తిరిగి వీధులన్నీ బట్టీ పట్టాలి. ఆపైన పరీక్షగదిలో కూర్చుని, అడిగిన చోటి నుంచి అడిగిన చోటికి మలుపు మలుపూ గడగడా చెప్పాలి. ఇలా చదివేవాళ్ల మెదడులో దారులు దాచుకునే చోటు నిజంగానే పెరుగుతుందని డాక్టర్లు అంటారు. ఆ మాట వింటే రసెల్ పిమ్‌కి ఇప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. పెరిగిన చోట ఎవరొచ్చి కాపురం పెడతారో ఎవరు చూడొచ్చారు?

పోయిన చలికాలం దాకా అతనికి డెస్మండ్ తోడు. రసెల్ వంటింట్లో టీ పెట్టుకుని, ఒకడు కళ్లు మూసుకుని దారి అప్పజెబుతుంటే ఇంకొకడు మ్యాపు చూసి తప్పులు పట్టేవాడు. డెస్మండ్ చురుకైనవాడు. రసెల్ దారి మరిచిపోతే, "నీ బుర్రలో సగం ఊరు ఎవరికో అద్దెకిచ్చావురా, ముందు ఖాళీ చేయించు" అని ఏడిపించేవాడు. పాపం, వాడి మనసులో ఏమీ ఉండేది కాదు. కుళ్లంతా రసెల్‌దే.

తన చివరి పరీక్ష ముందురోజు, టిల్లర్ లేన్ తెరిచే ఉందా అని అడిగాడు డెస్మండ్. అక్కడ పెద్ద గొయ్యి తవ్వి దారి మూసేశారని రసెల్ ఆ పొద్దున్నే చూసొచ్చాడు. అయినా తెరిచే ఉందన్నాడు. వాడు ఒక్క ప్రశ్న తప్పితే చాలనుకున్నాడు, అంతే. కానీ డెస్మండ్ ఎందుకైనా మంచిదని ఆ దారి ఇంకోసారి చూసుకోవడానికి పొగమంచులో మోపెడ్ వేసుకుని వెళ్లాడు. అడ్డం పెట్టిన చెక్కలు పడిపోయి ఉన్నాయి. గొయ్యిలోంచి పైకి తీసేసరికి ప్రాణం లేదు.

శవపేటిక మోసినవాళ్లలో రసెల్ కూడా ఉన్నాడు. డెస్మండ్ తల్లి అతని చెయ్యి పట్టుకుని, "వాడికి దారి చెప్పేది నువ్వే కదా నాయనా" అంది. ఆ చెయ్యి విడిపించుకోలేక రసెల్ నానా అవస్థ పడ్డాడు.

అప్పటినుంచి కళ్లు మూస్తే చాలు, తలలోని ప్రతి వీధిలోనూ ముందు ఒక మోపెడ్ పోతుంటుంది. తడిసిన కోటు, వంగిన వీపు. ఎన్నడూ వెనక్కి తిరగలేదు.

ఇవాళ రసెల్ చివరి పరీక్ష. సూటు వేసుకుని, టై బిగించుకుని కూర్చున్నాడు. పరీక్షాధికారి హాడో గారు ఆఖరి ప్రశ్న అడిగి, "కానివ్వండి, పిమ్ గారూ" అన్నారు.

రసెల్ కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. కుడికి... నేరుగా... మళ్లీ కుడికి. గదిలో పెట్రోలు వాసన. తడి ఉన్ని వాసన. మోపెడ్ చప్పుడు నెమ్మదించింది.

ఆగింది.

టిల్లర్ లేన్ మూల. అవతల ఊరు లేదు... అన్ని వీధులూ ఆరిపోయాయి. ఆ ఒక్క సందే మిగిలింది. వీపు కదల్లేదు. తల మాత్రం కొంచెం పక్కకు వాలింది, వినడానికి వాలినట్టు.

"తెరిచే ఉందా?"

గొయ్యి ఎప్పుడో పూడ్చేశారు. తెరిచే ఉందంటేనే ఇవాళ సరైన జవాబు. "నేను అబద్ధమాడానురా, క్షమించు" అన్న మాట రసెల్ నాలుక చివరిదాకా వచ్చింది. అంటే మటుకు టాక్సీ నడిపే లైసెన్సు బ్యాడ్జీ పోతుంది. ఇన్నేళ్ల కష్టం బూడిదలో పోసినట్టే. ఆ మాట మింగేశాడు.

"ఎడమకు టిల్లర్ లేన్, సర్. తెరిచే ఉంది."

మోపెడ్ ఎడమకు తిరిగింది. పడిన చప్పుడు కోసం చూశాడు... రాలేదు.

హాడో గారు లేచి చెయ్యి చాపారు. ఇకనుంచి మీరు మాలో ఒకరు అన్నారు. రసెల్‌కి ఏడుపొచ్చింది. సంతోషమే అనుకున్నారాయన.

బయట ఇంకా ఎండ ఉంది. ఇంటికి వెళ్లాలంటే కుడికి తిరగాలి. రసెల్ కాళ్లు ఎడమకు తిరిగాయి. ఆపబోయాడు, ఆగలేదు. కళ్లు మూసి చూశాడు. ముందు మోపెడ్ లేదు. ఏ వీధిలోనూ లేదు. కళ్లు తెరిచాడు.

పేవ్‌మెంట్ మీద ఎదురొచ్చేవాళ్లు తప్పుకుని దారి ఇస్తున్నారు. ఒక్కడికి సరిపడేంత కాదు, ఇద్దరు పక్కపక్కన నడిచేంత.