చిలమత్తూరులో ఓడ

ఏజెంట్ సోమప్ప నీళ్లలో మునిగి చచ్చిపోయాడని పోస్ట్‌మార్టం తేల్చింది. శవం మాత్రం వజ్రకరూరు దగ్గర, మూడేళ్లుగా చుక్క నీరు లేని బావిలో దొరికింది.

"ఊపిరితిత్తుల్లో క్లోరిన్ నీళ్లు," అన్నాడు చీఫ్, ఫైలు మూస్తూ. "ఈ కరువులో ఆ జిల్లాలో అలాంటి నీళ్లు ఎక్కడున్నాయో చూడు."

బెంగుళూరు సేఫ్‌హౌస్‌లో ప్రొజెక్టర్ వెలిగింది. గోడ మీద ఎర్రనేల, బండరాళ్లు, వాటి మధ్య ఒక తెల్లటి ఓడ! ఏజెంట్ కొండప్ప కుర్చీలో ముందుకు జరిగాడు.

చీఫ్ వేలితో చూపించాడు. "కాంక్రీటు ఓడ. సీ లోటస్ లైన్స్ అనే విదేశీ క్రూయిజ్ కంపెనీది. వాళ్ల అసలు ఓడలు నాలుగు. మద్రాసు, కొలంబో, పెనాంగ్, సింగపూర్, హాంకాంగ్ తిరుగుతాయి. డాన్సులు, కాసినో, డెక్ మీద ఆటలు. స్టాఫ్ ట్రైనింగ్ కోసమని చిలమత్తూరు బయట ఈ నకిలీ ఓడ కట్టారు."

"సముద్రానికి ఇంత దూరంలోనా?"

"సోమప్పకీ అదే అనుమానం వచ్చింది. వజ్రకరూరు సర్వే క్యాంపులో పచ్చి వజ్రాలు మాయమవుతున్నాయి. వాటితో ఒక విదేశీ ముఠా ఆయుధాలు కొంటోంది. అవి మన సరిహద్దు దాటి మన మీదకే వస్తాయి. సోమప్ప రాళ్ల జాడ పట్టి ఈ ఓడ దాకా వెళ్లాడు. ప్రాణం పోయింది."

"నాకు కాంటాక్ట్ ఎవరు సార్?"

"ఇద్దరు. ఓడలో డాన్స్ టీచర్ లిల్లీ, అనంతపురం పిల్ల. ముఠాలో ఉంటూ మనకు పనిచేస్తోంది. అలాగని మనం అనుకుంటున్నాం. రెండో మనిషి క్యాంపు జియాలజిస్ట్ జయరాముడు."

కొండప్ప ముఖం వెలిగింది. "రాప్తాడు జయరాముడా! ఒకే బెంచీ సార్ మేము. మా ఇంట్లో పొయ్యి వెలగని రోజు వాళ్లమ్మ నాకూ సంగటి ముద్ద పెట్టేది."

"మంచిది. అయినా జాగ్రత్త," అన్నాడు చీఫ్.

1983 మే నెల. ధర్మవరం పట్టుచీరల వ్యాపారి వేషంలో కొండప్ప ఓడ మెట్లెక్కాడు. నుదుట బొట్టు, చేతిలో చీరల మూట. కట్టిన పట్టుపంచె అంచులో, జరీ పోగుల మధ్య, డిపార్ట్‌మెంట్ ల్యాబ్ నేయించిన ఉక్కు రంపపు తీగ.

"వెల్‌కమ్ ఎబోర్డ్!" అన్నాడు మేనేజర్ హ్యూగో. నీలికళ్ల మనిషి, నవ్వు పెదాల దగ్గరే ఆగిపోతుంది. తమ ఓడల్లోని గిఫ్ట్‌షాపులకు చీరలు కావాలన్నాడు. కేబిన్లు, కాసినో టేబుళ్లు, లైఫ్‌బోటు అన్నీ తిప్పి చూపించాడు. వెనక డెక్ మీద స్విమ్మింగ్ పూల్ నీలంగా మెరుస్తోంది. ట్యాంకర్లతో నింపిన నీళ్లు. ఫెన్సింగ్ అవతల ఖాళీ బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లను వాచ్‌మన్ కర్రతో అదిలిస్తున్నాడు.

డాన్స్‌హాల్లో తెల్లగౌను వేసుకున్న అమ్మాయి వచ్చి చీరల మూట ముందు వంగింది.

"మబ్బు రంగు చీర ఉందా?"

"ఉంది. అంచు మెరుపు రంగు."

కోడ్ కుదిరింది. లిల్లీ పకపకా నవ్వి అతని చెయ్యి పట్టి లాగింది. "రండి శెట్టిగారూ, ఒక స్టెప్ నేర్పిస్తాను!" గ్రామఫోన్ మోగింది. రెండు చుట్లు తిరిగాక నవ్వు చెదరకుండానే గొంతు తగ్గించింది.

"అన్నా, డెక్ మీద కర్రలతో నెట్టి ఆడే బిళ్లలు చూసినావా? అవి లోపల బోలు. రాళ్లన్నీ వాటిలోనే ఉండాయి. రేపు పార్టీ అయిపోతానే జీపులో మద్రాసు పోతాయి. ఆడ ఓడెక్కితే మళ్లా దొరకవు. ఇంకోటి. సోమప్పన్న పేరు వీళ్లకు మన పక్క నుంచే వచ్చింది. ఎవరో తెలీదు. నేను చెప్పినానని ఎవురికీ చెప్పొద్దు."

"చెప్పను."

ఆ సాయంత్రమే రాప్తాడు రోడ్డు పక్క హోటల్లో జయరాముడు అతన్ని కావలించుకున్నాడు. "ఏమప్పా కొండా! వేషం బాగుండాదే!" ఇద్దరూ ఒకే ప్లేటులో బొరుగుల ఉగ్గాణి తిన్నారు. తింటూ కొండప్ప అన్నీ చెప్పేశాడు. బిళ్లల సంగతి, లిల్లీ అనుమానం, రేపు పార్టీలో తాను సిగ్నల్ పిస్టల్ పేలిస్తే దగ్గర్లో కాచుకుని ఉండే హిందూపురం పోలీసులు రావడం. ఎవరికీ చెప్పొద్దన్న మాట గుర్తుంది. కానీ జయరాముడు 'ఎవరో' కాదు కదా.

"ఆ పిల్లను నమ్మొద్దప్పా," అన్నాడు జయరాముడు. "రెండు పక్కలా ఉండే మనిషి. రేపు నేనూ వస్తా. ఆ బిళ్లలు యాడుండాయో నేనే చూపిస్తా."

పార్టీలో బ్యాండు హోరెత్తుతోంది. ట్రైనింగ్ ముగించుకున్న యువకులు తెల్ల డ్రెస్సుల్లో డాన్స్ చేస్తున్నారు. జయరాముడు సైగ చేశాడు. కొండప్ప వెనక డెక్‌కి నడిచాడు, జయరాముడు అతని వెనకే. పూల్ పక్కన లిల్లీ కట్లతో కూలబడి ఉంది. హ్యూగో, ఇద్దరు గార్డులు ఆమె చుట్టూ నిలబడి ఉన్నారు. కొండప్ప చెయ్యి సిగ్నల్ పిస్టల్ మీదకు పోయింది. అప్పటికే అతని వీపుకు చల్లటి రివాల్వర్ తగిలింది.

"కదలొద్దప్పా," అంది బాగా తెలిసిన గొంతు.

లిల్లీ తలెత్తింది. "ఎవురికి చెప్పినావన్నా?"

కొండప్ప జయరాముడి వైపు తిరిగాడు. గార్డులు సిగ్నల్ పిస్టల్ లాక్కుని, అతని చేతులు వెనక్కి విరిచి కట్టారు.

"సోమప్పనూ నువ్వేనా రా?"

"నేనే," అన్నాడు జయరాముడు. "ఇరవై ఏండ్లు ఈ రాళ్లు తవ్వినా. నేను కనుక్కున్న ప్రతిదానికీ పెద్దసార్ల పేరు పడింది. నాకు కొత్త పేరు ఇస్తాండారు కొండా, పైడెక్ మీద కిటికీ ఉండే కేబినూ. పొద్దున లేస్తే ఎటుచూసినా నీళ్లు. అది చూడల్లనే నాకు."

"మీ అమ్మ నాకు పెట్టిన ముద్ద..."

"అది మా అమ్మ పెట్టింది. నేను కాదు."

తూటా కన్నా ఆ మాటే లోతుగా దిగింది. గార్డులు ఇద్దర్నీ పూల్‌లోకి తోసి, పైన కాన్వాస్ కవరు బిగించి తాళ్లు కట్టారు. నీళ్లకీ కాన్వాస్‌కీ మధ్య ఊపిరికి సందు లేదు.

చీకటి నీళ్లలో కొండప్ప వేళ్లు వెనక దోపిన పంచె అంచును వెతికాయి. తీగ దొరికింది. రుద్దాడు. తాడుతోపాటు చర్మమూ తెగింది. చేతులు విడిపోగానే లిల్లీ కట్లు కోశాడు. ఆమె అతని మణికట్టు పట్టి కిందికి లాగింది. పూల్ అడుగున డ్రెయిన్ చక్రం! ఇద్దరూ కలిసి తిప్పారు. కదల్లేదు. కొండప్ప చెవుల్లో హోరు మొదలైంది. కాలు గోడకు తన్ని పెట్టి చివరి బలంతో తిప్పాడు.

చక్రం తిరిగింది. నీటిమట్టం జానెడు దిగింది. కాన్వాస్ కింద ఆ జానెడు గాలిలో ఇద్దరూ మూతులు పైకెత్తి ఆబగా పీల్చారు.

వాళ్లు కవరు కోసుకుని బయటపడేసరికి డ్రెయిన్ గొట్టంలోంచి నీళ్లన్నీ గేటు ముందు పల్లంలోకి దూకుతున్నాయి. బిళ్లల పెట్టెతో బయల్దేరిన జీపు ఆ ఎర్రబురదలో ఇరుసుదాకా దిగబడింది. జయరాముడు స్టీరింగ్ మీద గుద్దుతున్నాడు. పక్కన హ్యూగో అరుస్తున్నాడు. జీపు చుట్టూ బిందెలు, కడవలు, ఊరు ఊరంతా.

"జీపు తీయప్పా!" తిప్పమ్మ అనే ముసలామె బానెట్ మీద చరిచింది. "నీళ్లు తొక్కుతాండావు! కండ్లు లేవా?"

కొండప్ప గార్డు పారేసిపోయిన సిగ్నల్ పిస్టల్ ఏరుకుని ఆకాశంలోకి పేల్చాడు. బురదలోకి దిగాడు. జయరాముడు రివాల్వర్ ఎత్తాడు. అంతమంది ఆడవాళ్ల మధ్య గురి కుదరలేదు. ఆ క్షణంలో కొండప్ప దాన్ని లాగేసుకున్నాడు. కొట్టాలనుకున్నాడు. కొట్టలేదు.

పోలీసులు హ్యూగోకీ జయరాముడికీ సంకెళ్లు వేశారు. జయరాముడు ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

"లిల్లీ," అన్నాడు కొండప్ప, "నన్ను..."

"నిన్ను నీ స్నేహితుడు మోసం చేసినాడన్నా. నన్ను నువ్వు చేసినావు." ఆమె గౌను నీళ్లు పిండుకుంటూ నడిచి వెళ్లిపోయింది.

పోలీసు వ్యాన్‌లో వైర్‌లెస్ గరగరలాడింది. చీఫ్ గొంతు. "రాళ్లు దొరికాయట, శభాష్! రిపోర్టులో ఏం రాయమంటావ్?"

కొండప్ప గేటు వైపు చూశాడు. తిప్పమ్మ మూడో బిందె నింపుకుంటోంది.

"చిలమత్తూరులో ఓడ మునిగిందని రాయండి సార్. ప్రయాణికులంతా క్షేమం. ఒక స్నేహితుడు గల్లంతు."