నాలుగో బండి

నవంబరు తుఫాను మొదలైతే మా అలెగ్జాండ్రియాలో బుద్ధున్నవాడెవడూ బయటికి రాడు. అప్పటికే వచ్చి ఇరుక్కుపోయిన నలుగురు కుర్రాళ్లు నా గేమింగ్ కెఫేలో ఆడుకుంటున్నారు. నేను టీ పెడుతున్నాను. అప్పుడే తలుపు తోసుకుని ఒక అమ్మాయి వచ్చింది. గొడుగు గాలికి తిరగబడి ఉంది. స్కార్ఫ్ నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"ఈ కెఫే నుంచి 'సముద్రపు డేగ' అనే పేరుతో ఆడేది ఎవరు?" అంది.

మూల కంప్యూటర్ దగ్గర హాతిమ్ చెయ్యెత్తాడు. వీధి చివర ఫోన్లు బాగుచేస్తాడు, సాయంత్రమైతే నా దగ్గరే ఉంటాడు. మంచివాడే గానీ కాస్త తొందర. కాస్త అంటే, టీ చల్లారేదాకా ఆగలేక రోజూ నాలుక కాల్చుకునేంత.

"నేనే. ఏం కావాలి మేడమ్?"

"నా రోలర్ కోస్టర్ ఆపేసింది నువ్వేనా?"

మా వాళ్లంతా అప్పట్లో ఒక పార్కు గేమ్ ఆడేవారు. ఒకరు కట్టిన పార్కులోకి ఇంకొకరు వెళ్లి సాయం చేయొచ్చు. హాతిమ్ సాయం ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి నేను టీ మీదే దృష్టి పెట్టాను.

"ఆపడమా! నీ క్యూ గేటు దాకా ఉంటే జాలిపడి ఇంకో బండి పెట్టాను. థాంక్స్ చెప్పడానికి వచ్చావేమో అనుకున్నా."

"ఆ ట్రాక్‌లో ఎన్ని బ్లాకులు?"

"నాలుగు."

"బళ్లు?"

"మూడుండేవి, నాలుగు చేశా. నాలుగు బ్లాకులకి నాలుగు బళ్లు. లెక్క సరిపోయింది కదా!"

ఆమె నా వైపు తిరిగింది. "బాబాయ్, నాలుగు కుర్చీలు కావాలి."

ఇచ్చాను. ఆ మొహం చూస్తే ఎవరైనా ఇస్తారు. కుర్చీల్ని గుండ్రంగా వేసి, హాతిమ్‌నీ మిగతా ముగ్గురినీ వాటిలో కూర్చోబెట్టింది.

"అందరూ ముందు కుర్చీలోకి జరగాలి. ముందు కుర్చీ ఖాళీ అయితేనే లేవాలి. కానివ్వండి!"

ఎవరూ లేవలేదు.

"జరగరేం?"

"నా ముందువాడు లేవాలిగా" అన్నాడు హాతిమ్.

"వాడి ముందువాడూ అదే అంటున్నాడు."

అని హాతిమ్ కాలర్ పట్టుకుని లేపి పక్కన నిలబెట్టింది. "ఇప్పుడు జరగండి." మిగతా ముగ్గురూ నవ్వుకుంటూ ఒకరి తర్వాత ఒకరు హాయిగా తిరగడం మొదలుపెట్టారు.

"బ్లాకంటే ట్రాక్‌లో ఒక ముక్క, ఈ కుర్చీలాగే! ఒక బ్లాకులో ఒకటే బండి. ఒకటి ఎక్కువైతే అన్నీ ఆగిపోతాయి. నీ పుణ్యమా అని రాత్రంతా నా జనం గాల్లో వేలాడారు."

హాతిమ్ కాలర్ సర్దుకున్నాడు.

టవలూ టీ ఇచ్చాక అసలు సంగతి చెప్పింది. పేరు షాహీనాజ్. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసింది. ఒక పాత పార్కులో టిక్కెట్లు చింపుతుంది. కంట్రోల్ రూమ్‌లోకి తీసుకోమని అడిగిన ప్రతిసారీ, "కౌంటర్‌లో నవ్వుతూ కూర్చో తల్లీ, చాలు" అన్నారట. ఇప్పుడు ఊరి బయట కొత్త పార్కు కడుతున్నారు. ఇదే గేమ్‌లో పోటీ పెట్టి, గెలిచినవాళ్లకి కంట్రోల్ రూమ్‌లో శిక్షణ ఇస్తారట. జంటగానే ఆడాలి. ఆమె జంటేమో, మేనమామ కూతురు, ఉద్యోగమొచ్చి హుర్ఘదా వెళ్లిపోయింది.

"ఒంటరిగానైనా వెళ్లి వాళ్ల బల్ల ముందు కూర్చుంటాను" అంది. "నేను నవ్వడానికి పుట్టలేదు బాబాయ్. బళ్లు పంపడానికి పుట్టాను."

"నేనొస్తా" అన్నాడు హాతిమ్.

"నువ్వా?"

"ఆపినవాడితోనే నడిపించుకో. అదే నాకు శిక్ష."

మర్నాటి నుంచి నా కెఫేకి ప్రశాంతత కరువైంది. పోటీలో ఇద్దరికీ చెరో బటన్. జనం ఎక్కి బెల్టులు పెట్టుకున్నారో లేదో చూసి హాతిమ్ నొక్కాలి. ముందు బ్లాకు ఖాళీ అయిందో లేదో చూసి షాహీనాజ్ నొక్కాలి. రెండూ ఒకేసారి పడితేనే బండి కదులుతుంది.

"ఎందుకు నొక్కావ్? ముందు బండి ఇంకా కొండెక్కుతోంది!"

"దాదాపు ఎక్కేసింది."

"దాదాపా? మీ అమ్మ దాదాపు ఉడికిన అన్నం పెడితే తింటావా?"

"రోజూ అదే తింటాను, మా అమ్మ వంట నీకు తెలీదు."

ఆమె నవ్వింది. ఆ నవ్వు కోసం వాడు కావాలనే రెండుసార్లు ముందుగా నొక్కి తిట్లు తిన్నాడు. నాకు కళ్లున్నాయి కదా. నెల తిరిగేసరికి లివర్ శాండ్‌విచ్‌లో మిరపకాయలు తీసి ఆమె ప్లేట్లో వేయడం వాడి పని, అవి వాడి కళ్లముందే తిని వాణ్ణి వెక్కిరించడం ఆమె పని. ప్రేమ కాకపోతే ఇంకేమిటది?

అయినా ఇద్దరూ నోరు విప్పరు. పోటీకి వారం ముందు షాహీనాజ్ స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా అంది, "అమ్మ ఒక సంబంధం చూసింది. ఇంజినీర్ అట. స్మూహా లాంటి ఖరీదైన పేటలో సొంత ఫ్లాట్ కూడా ఉందట."

ఒరేయ్, వద్దని చెప్పరా, అని నేను లోపల్లోపల అరుస్తున్నాను.

"మంచి సంబంధమే" అన్నాడు వెధవ.

ఆమె హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టింది. "అవును, చాలా మంచిది" అని వెళ్లిపోయింది. ఆమె పోయాక వాణ్ణి నిలదీశాను. "ఫ్లాట్ ఉన్నవాడితో నేనెక్కడ తూగుతాను బాబాయ్? తనకి నేను కావాలంటే తనే అంటుంది" అన్నాడు. వీడు అడుగుతాడని ఆమె, ఆమె అంటుందని వీడు. మళ్లీ కుర్చీలు తెచ్చి వేద్దామా అనిపించింది నాకు.

పోటీ రోజు హాలు నిండిపోయింది. ఆడేవాళ్ల మాటలు మైకులో అందరికీ వినిపించే ఏర్పాటు చేశారు. ముందు వరసలో షాహీనాజ్ వాళ్ల అమ్మ మేడమ్ ఇన్సాఫ్ ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను ఆమె పక్కన. ఇంజినీర్ జాడ లేదు. అడిగే ధైర్యం నాకు లేదు.

మొదట్లో మూడు బళ్లూ బాగానే తిరిగాయి. సగంలో నిర్వాహకులు గేమ్‌లో వాన పెట్టారు. అంతే, జనం మెల్లగా ఎక్కుతున్నారు, స్టేషన్ ఖాళీ కావడం లేదు, వెనక బండి బ్రేకుల దగ్గర ఆగిపోతోంది. పంపిన ప్రతి బండికీ మార్కులు, ఆగిన ప్రతిసారీ కోత. కైరో నుంచి వచ్చిన అన్నదమ్ములు ముందుకెళ్లిపోయారు.

షాహీనాజ్ వేళ్లు బటన్ మీద బిగుసుకుపోయాయి. "త్వరగా ఎక్కించు" అంది. ఇది పోతే మళ్లీ టిక్కెట్ల కౌంటరే.

"ఒక బండి తీసేద్దాం" అన్నాడు హాతిమ్.

ఆమె చటుక్కున తల తిప్పింది. "నువ్వా? ఆ మాట అంటున్నది నువ్వేనా?"

"షెడ్డులోకి పంపడానికి కాసేపు అన్నీ ఆగుతాయి. మార్కులు ఇంకా పోతాయి. తెలుసు. కాలర్ పట్టుకుని నేర్పించావు కదా, నేనెందుకు మర్చిపోతాను?"

ఆమె తలూపింది. మూడో బండి షెడ్డులోకి పోయింది. హాల్లో కొందరు నవ్వారు. కానీ ఆ తర్వాత రెండు బళ్లూ ఎక్కడా ఆగలేదు. ఒకటి దిగుతుంటే ఒకటి ఎక్కుతోంది. అన్నదమ్ములేమో మూడో బండిని వదల్లేక, బ్రేకుల దగ్గర జనాన్ని తడుపుతూ కూర్చున్నారు. ఇద్దరి మార్కులూ దగ్గరపడ్డాయి, తర్వాత సమానమయ్యాయి. ఇంకొక్క బండి పంపితే చాలు.

జనం ఎక్కేశారు. కానీ ముందు బండి ఇంకా కొండెక్కుతోంది. ఆగాలి. హాతిమ్ వేలు బటన్ మీద పెట్టి, జీవితంలో మొదటిసారి, నొక్కకుండా ఆగాడు.

"షాహీనాజ్, ఇంకో బండి కూడా తీసేయాలి."

"పిచ్చా? ఏ బండి?"

"స్మూహాలో ఫ్లాట్ ఉన్నది."

మైకులో హాలంతా వింది. షాహీనాజ్ స్క్రీన్ మీంచి చూపు తిప్పి వాణ్ణి చూసింది. చూస్తూనే ఉంది.

"అది వారం కిందటే షెడ్డుకెళ్లిపోయింది" అంది మెల్లగా. "నువ్వెప్పుడు బయల్దేరతావా అని చూస్తున్నాను."

"నువ్వంటే నాకు చాలా ఇష్టం."

"నాకు తెలుసురా తొందరోడా. నాకూ ఇష్టమే."

నా పక్కన ఫ్లాస్కు కింద పడింది. మేడమ్ ఇన్సాఫ్ లేచి నిలబడింది. అయిపోయింది, వీడి పని ఇక అంతే అనుకున్నాను.

"ముందు బండి కొండ దాటేసిందర్రా!" అని హాలు దద్దరిల్లేలా అరిచింది. "ఆ ముచ్చట్లు తర్వాత! పంపండి, పాపం జనం వానలో కూర్చున్నారు!"

ఇద్దరూ ఒకేసారి నొక్కారు. బండి కదిలింది.

గెలిచినవాళ్లుగా వాళ్ల పేర్లు చదివాక షాహీనాజ్ ఏడ్చింది, నవ్వింది, అమ్మను వాటేసుకుంది. కంట్రోల్ రూమ్ తాళాలు చేతికొచ్చినట్టే ఉంది ఆ మొహం. మేడమ్ ఇన్సాఫ్ హాతిమ్‌ని కింది నుంచి మీదికి చూసి, "గురువారం మీ అమ్మను తీసుకుని రా బాబూ. ఫ్లాట్ సంగతి మెల్లగా చూద్దాం. ముందుగా మాత్రం రాకు, ఇల్లు తుడవాలి" అంది.

గురువారం హాతిమ్ వాళ్ల అమ్మతో పాటు నన్నూ తీసుకెళ్లాడు. బస్‌బూసా మిఠాయి పెట్టె నా చేతిలో. మూడో అంతస్తు దాకా ఎక్కి, తలుపు ముందు రాయిలా నిలబడిపోయాడు.

"నొక్కరా బెల్లు!" అన్నాను ఆయాసపడుతూ.

"ఉండు బాబాయ్. లోపల ఎవరివో మాటలు వినిపిస్తున్నాయి. ఇంకెవరైనా ఉన్నారేమో. వాళ్లు వెళ్లనీ."

"ఎవరూ లేరు!" తలుపు వెనక నుంచే షాహీనాజ్ గొంతు. "దారి ఖాళీ!"

హాతిమ్ బెల్లు నొక్కాడు. అటు నుంచి గడియ తీసిన చప్పుడూ అప్పుడే వినిపించింది.