పానకం పడిన పేటిక

ఊపిరి తీసేటప్పుడు సువర్చల పేటిక ముఖం వైపు చూడదు. బోర్లా తిప్పి, అడుగున ఉన్న మూత జరిపి, బొటనవేలితో కరెంటు ఘటాన్ని పైకి లేపుతుంది. ఆ సమయానికి లోపలి గొంతు ఏదో ఒక మాట మధ్యలోనే ఉంటుంది. ఈ పొద్దున మొదటి పేటికలో ఎవరో పెద్దాయన "సాయంత్రం వచ్చేటప్పుడు కాస్త..." అంటూ ఆగిపోయాడు. కాస్త ఏం తెమ్మనబోయాడో ఆయనకే తెలియాలి.

"ఆరో బల్ల. ఊపిరి పోయింది" అన్నాడు మేస్త్రి.

మేస్త్రి అంటే మనిషనుకునేరు. తడిసిన పేటికల్ని బాగుచేసే ఈ తడిశాల గోడల్లో, బల్లల్లో, దీపాల్లో ఉండే ఒక గొంతు, అంతే. ఎవరు ఏ పలక కడుగుతున్నారో, ఎవరు పని మధ్యలో కిటికీలోంచి చూస్తూ నిలబడ్డారో వాడికి తెలుసు. తిట్టడు, పొగడడు. అది మరీ విసుగు.

శ్రీరామనవమి వెళ్లిన వారం తడిశాలలో పని ఎప్పుడూ ఎక్కువే. పుట్టగానే చెవి వెనక పెట్టే, మాటలన్నీ దాచుకునే గొంతుపలకను, మనిషి పోయాక ఓ పేటికలో అమర్చి ఇంటికిస్తారు. ఇంట్లోవాళ్లు దాన్ని వంటింటి అలమరలోనో, మంచం పక్కనో పెట్టుకుని మాట్లాడుకుంటారు. మాట్లాడుకుంటే గొడవే లేదు. కానీ మనవాళ్లు ఊరుకుంటారా? మాట్లాడే మనిషికి తిండి పెట్టకుండా ఉండలేరు. పొద్దున్నే కాఫీ, పండక్కి పాయసం, నవమికి పానకం. గ్లాసు పేటిక పక్కనే పెడతారు. ఎవరి చెయ్యో తగులుతుంది, ఎవరి తువ్వాలో తగులుతుంది.

సరే, ఒలికింది. తడిసిన యంత్రానికి మొదటి వైద్యం కరెంటు తీసెయ్యడం. తడిలో కరెంటు పారినంతసేపూ రాగి గీతల్ని చిలుము తినేస్తూనే ఉంటుంది. ఆ సంగతి పేటిక మీద ఎక్కడా రాసి లేదు. రాసి ఉన్నది ఇంకోటి: ఘటం జోలికి పోవద్దు, తడిశాలకు తీసుకురండి. రాయకపోయినా ఎవరూ తియ్యరనుకోండి. మాట్లాడుతున్న మనిషి ఊపిరి సొంత చేత్తో తియ్యడానికి ఎవరికి మనసొప్పుతుంది?

రెండో పేటిక మూత తియ్యగానే బల్లంతా బెల్లం వాసన, దాని వెనక మిరియం ఘాటు. ఇది దొరబాబుది. సముద్రం ముందుకొచ్చి పాత కాకినాడను ముంచేశాక, మునిగిన వీధుల మీదుగా పంటు పడవ నడుపుతున్నాడు ఆయన. పొద్దున కిటికీ దగ్గర పేటికను రెండు చేతులా పొట్టకు ఆనించుకుని నిలబడ్డాడు. అందులో ఉన్నది ఆయన భార్య పుణ్యవతి.

"ఎప్పుడు ఒలికిందండి?" అని అడిగింది సువర్చల.

"మొన్న నవమినాడండి. ఆవిడకి పానకం అంటే ప్రాణమండి. గ్లాసు పెట్టి, దణ్ణం పెట్టుకుని ఇటు తిరిగానో లేదో, నా తువ్వాలే తగిలిందండి."

"ఘటం తీశారా?"

"ఆయ్, ఎలా తీస్తానండి? మాట్లాడుతోంది కదండీ. ఏవిటో చలేస్తోందయ్యా, చలేస్తోందయ్యా అంటోందండి. డాబా మీద ఎండలో పెట్టి పక్కనే కూర్చున్నానండి. ఒక్క క్షణం వదిలితే ఒట్టు."

అప్పటికే పేటికలోంచి మాట రావడం లేదు. సన్నటి బరబర తప్ప ఏమీ లేదు. ఆయన మాత్రం అది మాటే అన్నట్టు మధ్యమధ్యలో "వచ్చేశాం, వచ్చేశాం" అంటున్నాడు. సువర్చల పేటిక అందుకుంది. ఆయన్ను హాల్లో కూర్చోమంది.

ఇప్పుడు బల్ల మీద దాన్ని విప్పుతుంటే చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఎండకు పానకం ముదురుపాకమై, పలకను అడుగు రేకుకు అతికించేసింది. ముందు గోరువెచ్చటి శుద్ధజలంలో నానబెట్టింది. పాకం కరిగాక మెత్తటి కుంచెతో గీతల వెంట తోమింది. చిప్పుల కాళ్ల మధ్య ఇరుక్కున్న మిరియపు పలుకుల్ని సూదితో ఒక్కొక్కటే లాగింది. మళ్లీ శుద్ధజలం, ఆ తర్వాత స్పిరిట్, ఆ తర్వాత వెచ్చగాలి గూడు. స్పీకరు బాగుంది. కరెంటు పంచే చిప్పు బాగుంది. చుట్టూ ఉన్న సరంజామా అంతా బతికింది. భూతద్దం కింద పలక మాత్రం అలా లేదు. అంచు నుంచి నడిమి దాకా పచ్చగా చిలుము.

పలకను చదివే గూట్లో పెట్టింది.

"మిగులు నూటికి ఒకటి కూడా లేదు" అన్నాడు మేస్త్రి. "తుడిచెయ్యి. పూడ్పు సిద్ధంగా ఉంది."

పూడ్పు అంటే ఏమిటో హాల్లో కూర్చున్నవాళ్లకు తెలియదు. పోయిన మాటల చోట, ఎవరిదీ కాని, యంత్రం అల్లే ఉమ్మడి గొంతును నింపి, పైన ఆ మనిషి స్వరం పూత పూసి ఇచ్చేస్తారు. మిగులు మరీ తక్కువైతే, అతుకు వినిపిస్తుందని ఆ కాస్తా తుడిచేసి మొత్తం ఉమ్మడి గొంతే పోస్తారు. ఇంటివాళ్లు కళ్లకద్దుకుని పట్టుకెళతారు. పూడ్చిన ప్రతి పేటికా ఉమ్మడి గొంతుకు ఒక కొత్త ఇల్లు.

తుడిచేముందు ఒకసారి వినడం పనిలో భాగం. సువర్చల చెవి గొట్టం పెట్టుకుంది.

ముందు వాన చప్పుడు. రేకుల మీద పడుతున్న పెద్ద వాన. తర్వాత ఓ ఆడగొంతు, పక్క వీధికి కూడా వినపడేంత గట్టిగా: "ఓయ్, దొరబాబూ! వాన! బట్టలు తియ్యవయ్యా, నా చేతులు పిండిలో ఉన్నాయి!" ఆ వెంటనే, తనలో తను నవ్వుకున్నట్టు ఓ చిన్న నవ్వు. అంతే. మళ్లీ బరబర.

పుణ్యవతి అనే మనిషి ఈ భూమ్మీద మిగిలింది అంత.

సువర్చల చెవి గొట్టం తియ్యలేదు. ఆమె ఇంట్లోనూ ఓ పేటిక ఉంది. అందులో కూతురు లిఖిత. సువర్చల ఈ పనిలో చేరకముందే అది ఓసారి తడిసి, ఇక్కడికే వచ్చి, బాగై తిరిగొచ్చింది. పనిలో చేరి అతుకులు పట్టడం నేర్చుకున్నాక ఒకరోజు పొద్దున అది "అమ్మా, తిన్నావా?" అని అడిగింది. పూడ్చిన పేటికలన్నీ అడిగే మాట, అదే సాగదీత. లిఖిత బతికున్న పదహారేళ్లలో తల్లిని తిన్నావా అని ఒక్కనాడూ అడిగి ఎరగదు. "అమ్మా, ఆకలి!" అని గుమ్మంలోంచే అరిచే పిల్ల అది. అయినా ఇప్పటికీ రోజూ పొద్దున సువర్చల "తిన్నానమ్మా" అని ఎవరికో జవాబు చెప్పి ఇంట్లోంచి బయటపడుతుంది. ఆ రోజు తుడిచేసిన మిగులులో ఏముందో! ఓ అరుపో, ఓ అలకో, కనీసం ఓ తుమ్మో. దానికోసం ఆమె ఏమైనా ఇచ్చేది. ఎవరూ అడగలేదు.

"తుడిచెయ్యి" అన్నాడు మేస్త్రి మళ్లీ.

సువర్చల లేచి తలుపు తీసింది. "దొరబాబుగారూ, ఇలా లోపలికి రండి."

"బయటివాళ్లు లోపలికి రాకూడదు" అన్నాడు మేస్త్రి.

"రానియ్యవయ్యా" అంది సువర్చల.

దొరబాబు చెప్పులు బయట వదిలి, గుళ్లోకి వచ్చినంత భయంగా వచ్చాడు. స్టూలు మీద కూర్చోబెట్టి, దాచకుండా చెప్పింది: పలక చిలుముకు పోయింది, ఒక్క ముక్క మిగిలింది, మిగతాదంతా వేరే గొంతుతో నింపి ఇవ్వడం ఇక్కడి పద్ధతి.

ఆయన పేటిక వైపు చూశాడు. "అంటే మా ఆవిడ లేదాండి?"

"ఉన్నంతా ఇదేనండి. వినండి."

వాన చప్పుడు గదిలో నిండింది. "ఓయ్, దొరబాబూ! వాన! బట్టలు తియ్యవయ్యా, నా చేతులు పిండిలో ఉన్నాయి!"

"వస్తన్నా, వస్తన్నా!" అంటూ దొరబాబు చటుక్కున లేచాడు. తువ్వాలు భుజాన వేసుకుని గబగబా తలుపు దాకా వెళ్లాడు. గడియ మీద చెయ్యి వేశాక ఆగిపోయాడు. బయట ఎర్రటి ఎండ. అలాగే తలుపుకు నుదురు ఆనించి నిలబడ్డాడు.

మేస్త్రి ఈలోగా తన పని తను చేశాడు. బల్ల మీది స్పీకరులోంచి అదే స్వరం, మెత్తగా, తేనె పూసినట్టు: "ఏమండీ, తిన్నారా?"

దొరబాబు వెనక్కి తిరిగాడు. "ఇదెవరమ్మా?"

"పూడ్పండి."

"మా పుణ్యవతి నన్ను ఏమండీ అనడమేంటండి? మేనమామ కూతురండి. చిన్నప్పట్నుంచీ పేరు పెట్టే పిలిచేదండి, నా బుర్ర తినేసేది." నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "ఇది నాకొద్దండి. ఆ వాన మాట ఇచ్చెయ్యండి. బట్టల కోసమైతేనేం, పిలిచింది నన్నే కదండీ."

"యజమాని పూడ్పు వద్దన్నాడు" అన్నాడు మేస్త్రి. "ఆ జవాబుకు చోటు లేదు. మళ్లీ అడుగు."

సువర్చల అడగలేదు. పలకను పేటికలో అమర్చి, పూడ్పు వచ్చే తీగను కత్తెరతో కత్తిరించి, మూత బిగించింది. ఆరేళ్ల ఉద్యోగంలో ఆ తీగ తెంచడం ఇదే మొదలు.

పేటిక అందుకుంటూ దొరబాబు ఆగాడు. "అమ్మా, ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పాలి. ఒలికిన వెంటనే నేను ఘటం తీసుంటే?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆయన హాయిగా ఇంటికి వెళతాడు. కానీ ఆయన మొన్నటి నుంచీ పక్కన కూర్చుని పోగొట్టుకున్నదంతా ఆ అబద్ధం లాంటి దయ వల్లే పోయింది.

"చాలావరకు దక్కేదండి."

దొరబాబు కింద కూలబడ్డాడు. "చలేస్తోందంటే కప్పాను కూడానండి. దుప్పటి కప్పానండి. అయ్యో, నా చేతులతో నేనే..." అని తలబాదుకుంటూ ఏడ్చాడు. సువర్చల పక్కన కూర్చుని ఆ చేతులు రెండూ పట్టుకుంది. ఆమెకూ ఏడుపాగలేదు.

కాసేపటికి ఆయనే ముఖం తుడుచుకున్నాడు. "బయట అంతమంది కూర్చున్నారు కదమ్మా. వాళ్లవి ఇంకా మాట్లాడుతున్నాయండి. నా పక్కన ముసలమ్మగారిదైతే కబుర్లు చెబుతోంది. వాళ్లకి చెప్పరా?"

హాల్లో అన్నీ తడిసిన పేటికలే. ఒళ్లో పెట్టుకుని కొందరు, గుండెకు హత్తుకుని కొందరు. లోపలి గొంతులు నత్తినత్తిగా ఏవేవో అంటుంటే, వీళ్లు వంగి వంగి జవాబులు చెబుతున్నారు. సువర్చల మధ్యలోకి వెళ్లి నిలబడింది.

"అందరూ వినండి. మీ వంతు వచ్చేదాకా ఆగకండి. పేటికలు బోర్లా తిప్పి, అడుగు మూత జరిపి, ఘటాలు తీసెయ్యండి. ఇప్పుడే."

"సువర్చలా, బల్ల దగ్గరికి వెళ్లు" అన్నాడు మేస్త్రి.

ఎవరూ కదల్లేదు. "ఊపిరి తియ్యమంటోందేంటే ఈవిడ!" అన్నారెవరో. ఓ నడివయసు ఆయన పేటికను కండువా కింద దాచుకున్నాడు.

దొరబాబు పక్కన కూర్చున్న ముసలమ్మ మాత్రం అడిగింది. "తీస్తే మా వాడు మళ్లీ మాట్లాడతాడా తల్లీ?"

"ఎంత మిగిలితే అంత మాట్లాడతాడమ్మా. తియ్యకపోతే రేపు మీతో మాట్లాడేది మీ వాడు కాదు."

"ఘటం జోలికి పోవద్దు" అన్నాడు మేస్త్రి, ఈసారి హాలు గోడలన్నిటిలోంచి. "ఘటం జోలికి పోవద్దు."

ముసలమ్మ దొరబాబు ముఖం వైపు చూసింది. ఆయన తల ఊపాడు. ఆవిడ పేటికను బోర్లా తిప్పింది. మూత జరపడానికి గోళ్లు చాల్లేదు. సువర్చల చెయ్యి సాయం పెట్టబోతే వద్దని తోసేసి, చీర పిన్నుతో తనే జరిపింది. తర్వాత పేటికను మళ్లీ తనవైపు తిప్పుకుని, ముఖంలో ముఖం పెట్టింది.

"నాన్నా, కాసేపు పడుకోరా. నేనిక్కడే ఉంటాను."

"ఇప్పుడేం నిద్రే అమ్మా," అంది లోపలి గొంతు, "నీకింకా ఆ సంగతి చెప్పనే లే..."

ఆవిడ ఘటం పైకి లేపింది.